వదులుగా కుట్టిన పడవ

సూది పట్టి బతికినవాళ్ళు జ్ఞాపకాలు రాయడం తక్కువ. తప్పు పడితే విప్పి మళ్ళీ కుట్టేస్తాం, ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. నాకు మాత్రం ఒక తప్పు ఏటి నడుమ, పదిమంది చూస్తుండగా బయటపడింది. కొత్తగా పనిలో చేరే పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా మంచి పనుల గురించే అడుగుతారు. నాకు ఎక్కువ గుర్తున్నది ఇదే కాబట్టి ఇదే రాస్తున్నాను.

బస్తర్ సంస్థానం రోజుల్లో భోపాల్‌పట్నంలో సర్కారు సామాను కొట్టు ఒకటి ఉండేది. వానలు ఆగాక అధికారులు దక్షిణం వైపు ఊళ్ళు తనిఖీ చేస్తూ దౌరా వచ్చేవారు. వాళ్ళకు కావలసిన డేరాలు, మడత మంచాలు, లాంతర్లు, వంటపాత్రలు ఆ కొట్టులో ఉండేవి. డేరాలు బాగుచేసే పని మా నాన్నది. నాన్న పోయాక అది నాకు వచ్చింది. ఆడపిల్లకు సర్కారు పనేమిటని చాలామంది అడిగారు. కొట్టు మున్షీ అడగలేదు.

"సూదికి మీసాలుంటయా ఏంది? కుడుతదా లేదా, అదే చూడాలె" అన్నాడు.

కాగితం మీద వేలిముద్ర వేయించుకోబోయి, నేను సంతకం చేస్తుంటే చూసి నవ్వాడు కూడా. నేను బడి ముఖం ఎరగను. అమ్మ పిండి పళ్ళెంలో తెలుగు అక్షరాలు దిద్దించింది. నాన్న డేరాల మీద కొట్టిన ముద్రలు చూపించి నాగరి నేర్పాడు. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు రాముణ్ణి తలుచుకోవడం కూడా నాన్న నేర్పిందే. ఇప్పుడు కళ్ళు సరిగా కనబడక దారం ఎక్కించడానికి నాలుగైదుసార్లు పడుతుంది, అందుకని తలుచుకోవడం కూడా ఎక్కువే అవుతోంది. అదీ మేలే.

మున్షీ జగదల్‌పూర్ వైపు మనిషి. ఇంట్లో హల్బీ, కచేరీలో హిందీ, మాతో తెలుగు. నేను ఆయనను కాకా అని పిలిచేదాన్ని. ఇరవై రెండేళ్ళు ఆ కొట్టు చూశాడు. వచ్చే హోళీకి నౌకరీ దిగి ఇంటికి వెళ్ళిపోవాలి.

ఆ ఏడు దసరా అయిన వారానికి కొత్త నాయబ్ తహసీల్దారు కొట్టు తనిఖీకి వచ్చాడు. రిజిస్టరు చేతిలో పట్టుకుని ఒక్కొక్క వస్తువు పేరు చదువుతున్నాడు, మున్షీ చూపిస్తున్నాడు. నేను గుమ్మం పక్కన కూర్చుని దౌరాకు వెళ్ళే డేరా తాళ్ళు సరిచేస్తున్నాను.

"కిష్తీ ఒకటి, తెడ్డు ఒకటి" అని చదివాడు నాయబ్.

కిష్తీ అంటే పడవ. మున్షీ కదలలేదు.

"కిష్తీ ఎక్కడ?"

"లేదు హుజూర్. నేను వచ్చినప్పటి సంది చూడలే."

"చూడకుండానే ఏటేటా దస్తఖతు పెట్టావా?"

మున్షీ నేల చూశాడు. పెట్టాడు. అంతకు ముందున్న మున్షీ సంతకం పెట్టాడు కాబట్టి ఈయనా పెట్టాడు. సర్కారు కొట్లలో ఇది వింత కాదు, కానీ ఆ మాట అప్పుడు పనికిరాదు. పైగా నాయబ్ చెవిలో ఎవరో ముందే ఒక మాట వేశారు. మున్షీ సర్కారు పడవను అవతలి గట్టు టేకు కాంట్రాక్టరుకు అమ్ముకున్నాడట.

"నేను లోపలి ఊళ్ళు తిరిగి కార్తీక పున్నానికి వస్తా. అప్పటికి కిష్తీ నా కళ్ళ ముందు ఉండాలి. లేకపోతే నీ నౌకరీకి అదే ఆఖరు రోజు. దొంగ అని రాసి పంపుతా" అన్నాడు నాయబ్. కేక వేయలేదు. మామూలు గొంతుతో చెప్పి రెండు డేరాలు బండికెత్తించుకుని వెళ్ళాడు.

మున్షీ ఒక పెట్టె మీద కూర్చున్నాడు. "పింఛను పోతే పోనీ బిడ్డా. దొంగ అనే పేరు మోసుకొని ఇంటికెట్ల పోవాలె?" అన్నాడు. నా చేతిలో తాడు ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నాలుగు రోజులు కొట్టు మొత్తం వెతికారు. అందరి కళ్ళూ వెతికింది ఒక దోనె కోసం. మా ఏటి మీద తిరిగేవి చెట్టు మొద్దు తొలిచిన దోనెలు. పడవ అంటే అదే, అది దాక్కునే వస్తువు కాదు.

అయిదో రోజు నేను ఒక పాత డేరా మూల విప్పుతున్నాను. అక్కడ నాన్న వేసిన అతుకు ఒకటి ఉంది. ఏడు కుట్లకు ఒక ముడి వేయడం ఆయన అలవాటు, చీకట్లో తడిమినా నాన్న పని అని చెప్పగలను. అతుకు ఊడదీసి తిప్పి చూస్తే లోపలి వైపు గోధుమరంగు నూనెపూత ఉంది. డేరా గుడ్డకు అలాంటి పూత వేయరు. ఒక అంచు పొడుగునా పాత సూది రంధ్రాల వరుస ఉంది, అది కొడవలిలా వంగి ఉంది. అక్కడే ఆగిపోయాను. డేరాకు వంకర కుట్టు ఉండదు. గోడ తిన్నగా ఉంటుంది, పైకప్పు తిన్నగా ఉంటుంది. ఈ గుడ్డ ఒకప్పుడు దేని మీదో గుండ్రంగా పరుచుకుని ఉండాలి.

మిగతా డేరాలు కూడా తిరగేశాను. అలాంటి అతుకులు పదకొండు దొరికాయి. అన్నీ ఊడదీసి నేల మీద రంధ్రాలకు రంధ్రాలు కలుపుకుంటూ పరిస్తే ఒక కొన వచ్చింది. చేప మూతిలాంటి కొన.

మున్షీని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు దాని చుట్టూ తిరిగాడు. చివరికి అన్నాడు: "ముందటి మున్షీ చెప్పేటోడు. ఎనకట సర్వే సాహెబు ఒకాయన మడత పడవ తెచ్చి ఏటి మీద తిరిగిండట. పోయేటప్పుడు ఈడనే వదిలిండట. మడత మంచం తెలుసు గని, మడత పడవేంది, కట్టుకత అనుకున్న."

అప్పుడు కొట్టులో ఉన్న పనికిరాని కర్రలన్నీ మాకు వేరేగా కనిపించాయి. దేనికి చెందినవో తెలియక మూల పడేసిన తెల్లటి బద్దల కట్ట ఒకటి ఉంది. మన అడవి కర్ర కాదు, ఎత్తితే బరువే లేదు, కొసలకు ఇత్తడి గొట్టాలు. ఇక చట్రాలు. కోడిగుడ్డు ఆకారంలో, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండు కొట్టులోనే దొరికాయి. రెండు డాక్ బంగళా వంటవాడి దగ్గర నీళ్ళ కుండల కింద దొరికాయి. అవి ఇవ్వనని అతను కొంత గొడవ చేశాడు, బదులుగా మున్షీ ఒక పాత ముక్కాలిపీట ఇచ్చాక ఊరుకున్నాడు. అయిదో చట్రం దొరకలేదు. చిన్నదాని నుంచి పెద్దదానికి, మళ్ళీ చిన్నదానికి వరుసగా నిలబెడితే నడుమ ఒక చోటు ఖాళీ ఉంది కాబట్టి అయిదోది ఉండాలని తెలిసింది.

రేవులో దోనె నడిపే దోర్ల తెగ మనిషిని పిలిపించాం. అరవై దాటినవాడు, నన్ను చెల్లె అనేవాడు. ఆ ఎముకల గూడు చూసి తల ఊపాడు.

"ఇది పడవ గాదు చెల్లె, చేపలు తిని పారేసిన ముల్లు."

"దీని మీద గుడ్డ వేస్తే?"

"గుడ్డ పడవా? ఎక్కినోడు తానం జేసి వస్తడు" అన్నాడు. అని, నవ్వుతూ బయటికి వెళ్ళబోయి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కొట్టు తలుపుకు లోపల అడ్డంగా వేసే కర్రను తీసి చేతిలో పట్టుకున్నాడు. దాని రెండు కొసలూ వెడల్పుగా ఉంటాయి. ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రం మున్షీ చేత్తోనే వేసిన కర్ర అది. దోనెవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, నడుమ రెండు చోట్ల బొటనవేలు ఆనించాడు.

"ఈడ చూడు. రెండు చేతులు పట్టిన తావు, అరిగింది. గడియ కర్రను ఎవడన్న ఈడ పట్టుకుంటడా? ఇది తెడ్డు. రెండు దిక్కుల రెక్కలున్న తెడ్డు."

అంతవరకు ఎగతాళి చేసిన మనిషి ఆ రోజు నుంచి రేవు పని తన తమ్ముడికి అప్పగించి మా కొట్టుకు వచ్చాడు. అడగకుండా వచ్చాడు, ఏమీ తీసుకోలేదు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఒక సంగతి మిగిలింది. పడవ గుడ్డను కోసి డేరాలకు అతుకులు వేసింది మా నాన్న. ఏదో పాత టార్పాలిన్ అనుకున్నాడేమో, వాన ముంచుకొచ్చి చేతికి దొరికింది కోశాడేమో. తెలిసి చేశాడని నేను అనుకోను, తెలియక చేశాడని రుజువూ చూపించలేను. మున్షీ ఆ ఏడు కుట్ల ముడిని చూశాడు. నా ముఖం చూశాడు.

"ఈ మాట నీ నోట రావద్దు. గుడ్డ చెదలు తిన్నయని నేను చెప్త" అన్నాడు.

సరే అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ అబద్ధం ఆయన చెబుతున్నందుకు ఆ పూట నేను దేవుడికి కృతజ్ఞత కూడా చెప్పుకున్నాను. దేవుడు ఎలా విన్నాడో తెలియదు.

పని మొదలుపెట్టాం. విరిగిన బద్దల చోట దోనెవాడు వెదురు చీల్చి వేశాడు. అయిదో చట్రం కూడా వెదురుతోనే వంచి కట్టాడు. గుడ్డ నాది. కొత్త డేరా గుడ్డ తెచ్చి, పాత ముక్కల కొలతతో కోసి, గూడు మీద తొడిగి కుట్టాను. పైన అవిసె నూనెలో గుగ్గిలం కరిగించి మూడు పూతలు పూశాం. దోనెవాళ్ళు పగుళ్ళకు వాడేది అదే. కుట్టు గట్టిగా వచ్చింది. నా పనిలో అంత సన్నని కుట్టు అంతకు ముందు లేదు. మున్షీ వచ్చి అరచేత్తో తట్టి, "కొద్దిగ వదులుగా లేదా బిడ్డా?" అన్నాడు.

"వదులు ఉంచాలి కాకా. నీళ్ళు తగిలితే గుడ్డ ముడుచుకుంటుంది. బిగించి కుడితే కర్రలు విరుగుతాయి" అన్నాను.

ఇది డేరా కుట్టేవాళ్ళకు పుట్టుకతో వచ్చే తెలివి. వానలో గుడ్డ తడిసి ముడుచుకుంటే మేకులు పెకలించుకుని వస్తాయి, అందుకని ఎప్పుడూ వదులు ఉంచుతాం. నాకు అనుమానమే రాలేదు. మున్షీ కూడా ఇక అడగలేదు. పూత ఆరేసరికి పున్నమి వచ్చేసింది, ముందుగా నీళ్ళలో వేసి చూసే రోజు దొరకలేదు.

నాయబ్ చెప్పిన రోజుకే వచ్చాడు. పొద్దున్నే రేవుకు పడవను మోసుకెళ్ళాం. ఇద్దరు మోస్తే చాలినంత తేలిక. గట్టు మీద బజారు జనం, బంట్రోతులు, కట్టెలకు పోతూ ఆగిన ఆడవాళ్ళు.

"మున్షీ సాబ్ గంప తెచ్చిండు, కోళ్ళేవి?" అని ఎవరో అన్నారు. జనం నవ్వారు.

నాయబ్ నవ్వలేదు. "అవతలి గట్టుకు పోయి రావాలి. అప్పుడు కిష్తీ అంటా" అన్నాడు.

మున్షీ చెప్పులు విడిచి ముందు కూర్చున్నాడు. ఆయనకు ఈత రాదు. దోనెవాడు వెనక కూర్చుని తెడ్డు తీసుకున్నాడు. పడవ నీళ్ళలోకి జరిగింది, తేలింది. 

పది బారలు పోయాక గుడ్డ సంగతి కనబడింది. నేను ఉంచిన వదులు వదులుగానే ఉంది. నీళ్ళు కింది నుంచి తోస్తుంటే గుడ్డ బద్దల నడుమ లోపలికి ఉబ్బింది. పడవ నిండు చూలు గేదెలా నడిచింది. నేను నిలబడ్డ చోటే విషయం అర్థమైంది. గుడ్డ ముడుచుకోవాలంటే దారం తడవాలి. మూడు పూతల గుగ్గిలం పూసి దారానికి నీళ్ళు అందకుండా చేసింది నేనే. తడవని గుడ్డ ఎలా ముడుచుకుంటుంది? ఇంత చిన్న మాట ఇరవై రోజులు నా బుర్రకు తట్టలేదు.

అవతలి గట్టు చేరారు. తిరిగి వచ్చేటప్పుడు ప్రవాహం ఎదురు. గుడ్డ చెంపలు కొట్టుకున్నట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. అలా కదిలితే ఆరిన గుగ్గిలం పగులుతుంది. పగిలింది. నడి ఏట్లో మున్షీ తలపాగా విప్పి నీళ్ళు పీల్చి బయటికి పిండడం కనబడింది.  దోనెవాడు తెడ్డు వేస్తూనే ఉన్నాడు. నేను కళ్ళు మూసుకుని రాముణ్ణి తలుచుకున్నాను. తెరిచేసరికి పడవ మోకాటి లోతు నీళ్ళలో కూర్చుండిపోయి ఉంది, దాంట్లోంచి ఇద్దరూ దిగి నడిచి వస్తున్నారు.

"పోయినం, వచ్చినం సాబ్" అన్నాడు దోనెవాడు. "నడుమ కొద్దిగ ఏరు గూడ మాతోని ఎక్కింది."

నాయబ్ పడవ చుట్టూ తిరిగి చూశాడు. ఇత్తడి గొట్టాలు చూశాడు, తెడ్డు చూశాడు.

"ఇది ఆ కిష్తీయే. ఒప్పుకుంటా. దీని అసలు గుడ్డ ఏమైంది?"

"చెదలు తిన్నయి హుజూర్" అన్నాడు మున్షీ. ఒళ్ళంతా తడిసి వణుకుతున్నాడు.

"చెదలు కర్ర వదిలేసి గుడ్డ తిన్నాయా?"

 ఈ మాట మాకు ముందే తట్టి ఉండాలి. నాయబ్ గొంతు తగ్గించాడు, అదే భయంగా అనిపించింది. "గుడ్డ అమ్ముకున్నావు. పడవ కూడా అమ్మేవాడివే, ఎవరూ కొనలేదు కాబట్టి కర్రలు మిగిలాయి. అంతేగా?"

 మున్షీ నోరు మూసుకున్నది మా నాన్న కోసం.

నేను ముందుకు వచ్చాను. "గుడ్డ ఎవరూ అమ్మలేదు సాబ్. మా నాన్న కోసి డేరాలకు అతుకులు వేశాడు. పదకొండు ముక్కలు నా దగ్గర ఉన్నాయి. మీరు ఇరవై రోజులు పడుకున్న డేరాకు కూడా ఒకటి ఉంటుంది, దాన్ని నేను ఇంకా విప్పలేదు."

బంట్రోతులు వెళ్ళి డేరా తెచ్చారు. తలవైపు మూలన అతుకు ఉంది. నాయబ్ తానే కూర్చుని కత్తితో విప్పి, తిప్పి చూశాడు. గోధుమరంగు పూత, వంకర రంధ్రాలు. నా దగ్గరున్న ముక్కల పక్కన పెడితే అతికినట్టు సరిపోయింది.

"మీ నాన్న ఎక్కడ?"

"పోయి రెండేళ్ళయింది సాబ్."

నాయబ్ పడవ వైపు తిరిగి అడిగాడు. "మరి ఈ పడవ ఎందుకు మునిగింది? అది కూడా ఆయన తప్పేనా?"

"అది నాది. డేరా కుట్టినట్టు కుట్టాను" అన్నాను.

నాయబ్ రిజిస్టరు తెప్పించి రాసుకుంటూ పైకి చదివాడు. "కిష్తీ ఒకటి. కర్రలు కొట్టులో, గుడ్డ డేరాల మీద." అప్పుడు మున్షీ వైపు తిరిగాడు. "దొంగ అని రాయను. అలాగని నీ సంగతి తేలలేదు. సర్కారు వస్తువు పాడైంది, నువ్వు చూడకుండా దస్తఖతులు పెట్టావు. హోళీకి ముందు వస్తా. అప్పటికి ఇది పొడిగా పోయి పొడిగా వస్తే మర్యాదగా దిగిపో. లేదంటే ఈ పాడైన కిష్తీ నీ పేరు మీదే పైకి పంపుతా."

మున్షీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గుగ్గిలం దంచుతూ అన్నాడు: "ఎందుకు చెప్పినవ్ బిడ్డా? పోయినాయన పేరు."

"నాన్న ఉంటే తనే చెప్పేవాడు కాకా."

"ఏమో. మీ నాయిన నాకు ఎరుకే. ముందుగాల దాక్కునేటోడు. ఎనక చెప్పేటోడు."

ఇద్దరం నవ్వుకున్నాం. నాన్న సరిగ్గా అలాంటివాడే.

నేను వదులుగా కుట్టిన గుడ్డంతా కోసి తీసేశాను. ఈసారి దోనెవాడిని ముందే అడిగాను. నాకు బడి లేదు కాబట్టి అడగడానికి సిగ్గు లేదనుకునేదాన్ని. మొదటిసారి అడగకపోవడం చూస్తే నా కుట్టు మీద గర్వం బాగానే ఉండేదన్నమాట.

"డోలుకు తోలు ఎట్ల ఎక్కిస్తరు చెల్లె? తడిపి గదా. తడిపి గుంజి కట్టి, ఎండనిస్తరు. అప్పుడు మోగుతది" అన్నాడు.

అలాగే చేశాం. గుడ్డను బిగువుగా తొడిగి కుట్టి, కుండలతో ఏటి నీళ్ళు పోశాం. ముడుచుకోవలసినంతా అప్పుడే ముడుచుకుంది. బద్దలు కిర్రుమన్నాయి, ఒకటి విరిగింది, దాన్ని మార్చాం. నాలుగు రోజులు ఎండనిచ్చాకే నూనె, గుగ్గిలం పూశాం. మడత అంచులు కూడా మార్చాను. డేరాకు వాన పై నుంచి జారుతుంది కాబట్టి అంచు కిందికి పెడతాం. పడవకు నీళ్ళు ఎదురు నుంచి వస్తాయి, అంచు వెనక్కి ఉండాలి. దోనెవాడు వేలితో కొట్టి చూసి, తల ఊపాడు.

హోళీకి వారం ముందు నాయబ్ వచ్చాడు. ఏరు తగ్గి ఇసుక తేలింది. మున్షీ ఆ రోజు ఉతికిన తెల్ల ధోవతి కట్టుకుని వచ్చాడు. వద్దని చెప్పాను, వినలేదు. చెప్పులు విడిచి, పడవ అడుగున కూర్చున్నాడు. ఇద్దరూ అవతలి గట్టుకు వెళ్ళారు. అక్కడ దిగి, నిలబడి, మళ్ళీ ఎక్కి, వచ్చారు. తలపాగా ఆయన తల మీదే ఉంది.

పడవ దిగాక మున్షీ నాయబ్‌కు నమస్కారం చేయలేదు.  ఇరవై రెండేళ్ళుగా అధికారుల ముందు వీపు తిప్పని మనిషి, జనమంతా చూస్తుండగా వెనక్కి తిరిగి నిలబడి, ధోవతి వెనక భాగం రెండు చేతులతో పట్టి చూపించాడు. ఎక్కడా ఒక్క తడి మరక లేదు.

నాయబ్ రిజిస్టరు తెరిచి దస్తఖతు పెట్టాడు.

నలభై ఏళ్ళు సర్కారు గుడ్డ కుట్టాను. నా పని బాగుందని ఎవరూ కాగితం రాసి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆ పొడి ధోవతి ఒక్కటే నాకు దొరికిన యోగ్యతాపత్రం.